తలకు దెబ్బ తగిలినా ఆడతానంటున్నాడు

అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ పక్క ఊళ్లో ఉంటున్న ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాం.

వాళ్లబ్బాయికి 16 ఏళ్లు, టెన్త్ గ్రేడ్. ఏడో క్లాసు నుంచి స్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. ఈ ఏడాది పెద్ద టీమ్‌లోకి తీసుకున్నారు. లైన్‌బ్యాకర్‌గా, అంటే ఎదుటి టీమ్ ఆటగాళ్లను అడ్డుకునే స్థానంలో ఆడుతున్నాడు. సెప్టెంబర్ ఆఖరున ఒక శుక్రవారం రాత్రి మ్యాచ్‌లో అవతలి టీమ్ కుర్రాడిని టాకిల్ చేస్తుంటే (పట్టుకుని కింద పడేస్తుంటే) హెల్మెట్‌కి హెల్మెట్ గట్టిగా గుద్దుకుంది. పడిపోలేదు. ఎవరికీ చెప్పకుండా మ్యాచ్ అయ్యేదాకా ఆడాడు. ఇంటికొచ్చాక రెండుసార్లు వాంతి చేసుకుంటే ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. స్కాన్‌లో ఏమీ లేదని, కంకషన్ (దెబ్బకు మెదడు కుదుపుకు గురికావడం) అని చెప్పి పంపారు. ఇప్పటికి నెల దాటింది. క్లాసులో తలనొప్పి వస్తోంది, లైట్ల వెలుతురు చూడలేకపోతున్నాడు, అర్ధరాత్రి దాటినా నిద్ర పట్టడం లేదు, చెల్లెలి మీద అరుస్తున్నాడు. అడిగితే మాత్రం "ఐయామ్ ఫైన్" అంటాడు. రోజూ ఇబుప్రోఫెన్ వేసుకుంటున్నాడు.

"ఉండబట్టలేక వాడి ఫోన్ చూశాను. ఆగస్టులో స్కూల్లో పెట్టిన కంప్యూటర్ టెస్ట్‌లో కావాలనే తప్పులు చేశానని, రేపు దెబ్బ తగిలినా పట్టుకోలేరని ఫ్రెండ్‌కి మెసేజ్ పెట్టాడు. రాత్రి ఒంటిగంటకి సీటీఈ (తలకు పదేపదే దెబ్బలు తగిలితే వచ్చే మెదడు జబ్బు) వచ్చిందని ఎలా తెలుస్తుందని వెతికాడు. నా కాళ్లూ చేతులూ ఆడలేదు. మావారిది గుంటూరు దగ్గర ఊరు. వాలీబాల్ బాగా ఆడేవారట. ఇంటర్‌లో చేరగానే ఎంసెట్ ఉందని మామయ్యగారు మాన్పించేశారు. 'మా నాన్న నాకు చేసింది నేను నా కొడుక్కి చెయ్యను' అంటారు. స్కాన్ నార్మలే కదా, డాక్టర్ రాసిస్తే సీజన్‌లో మిగిలిన మ్యాచ్‌లు ఆడనిద్దామంటున్నారు. మా అత్తయ్య ఇక్కడే ఉన్నారు. భోజనాల దగ్గర వాడి ముందే 'ఆ దిక్కుమాలిన ఆట మాన్పించండి, పిచ్చోడైపోతాడు' అంటారు. వాడు ప్లేటు వదిలేసి గదిలోకి పోతాడు. మాన్పిస్తే కుంగిపోతాడేమో, ఆడనిస్తే మెదడు పాడవుతుందేమో. ఏం చెయ్యమంటారు?"

అమ్మా, మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. నెలరోజులైనా తగ్గని ఈ దెబ్బ సంగతి ఏమిటన్నది ఒకటి. ఇక ముందు ఈ ఆట ఆడాలా వద్దా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు ఈ వారంలోనే కావాలి, అందులో బేరాలకు చోటు లేదు. రెండోదానికి వచ్చే వేసవి దాకా టైం ఉంది. మీ ఇంట్లో రెండూ కలిపి ఒకేసారి వాదించుకుంటున్నారు. అందుకే ఎవరి మాటా ఎవరికీ ఎక్కడం లేదు.

ముందు స్కాన్ గురించి. ఎమర్జెన్సీలో స్కాన్ తీసేది ఎముక చిట్లిందా, లోపల రక్తస్రావం అయిందా అని చూడటానికి. కంకషన్ ఆ స్కాన్‌లో కనబడదు. అది మెదడు పనితీరులో వచ్చే తేడా. స్పృహ తప్పలేదు కదా అని కూడా ధైర్యపడటానికి లేదు. కంకషన్ అయినవాళ్లలో స్పృహ తప్పేది వందలో పదిమందికి కూడా ఉండదు. ఇక హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, ఆ పని బాగానే చేస్తుంది. కానీ బిందెకు ఎంత మందం గుడ్డ చుట్టినా, బిందెను ఒక్కసారిగా తిప్పి కుదిపితే లోపలి నీళ్లు కదలక మానవు. మెదడుకు జరిగేదీ అదే. మీవారికి "స్కాన్ నార్మలే" అన్న మాట ధైర్యం ఇచ్చినట్టుంది. ఆ ధైర్యానికి ఆధారం లేదని ఆయనకు డాక్టర్ నోటితో చెప్పించండి.

పిల్లల్లో, టీనేజర్లలో చాలామందికి నాలుగు వారాల్లోపు తగ్గిపోతుంది. అంతకు మించి లక్షణాలు ఉంటే మామూలు పిల్లల డాక్టర్ దగ్గర ఆగిపోకుండా కంకషన్‌కు ప్రత్యేకంగా చూసే క్లినిక్‌కి వెళ్లాలి. డాలస్ చుట్టుపక్కల అలాంటివి ఉన్నాయి. అక్కడ ఏ లక్షణం ఎందుకు మిగిలిందో విడివిడిగా చూస్తారు. కళ్లు తిరగడానికి, చూపు నిలవకపోవడానికి వేరే ఫిజియోథెరపీ ఉంది. నిద్రకు, చిరాకుకు కౌన్సెలింగ్ ఉంది. పూర్వం చీకటి గదిలో పడుకోబెట్టేవాళ్లు. ఇప్పుడు ఆ పద్ధతి పోయింది. మొదటి ఒకటి రెండు రోజుల తర్వాత, లక్షణాలు పెరగనంత మేరకు నడక, సైకిల్ లాంటివి మొదలుపెడితేనే టీనేజర్లు త్వరగా కోలుకుంటారని పరీక్షించి తేల్చారు. కాబట్టి ఆట ఆపడమంటే కదలకుండా కూర్చోబెట్టడమని అనుకోకండి. రోజూ వేసుకుంటున్న ఇబుప్రోఫెన్ సంగతి మాత్రం తప్పకుండా డాక్టర్‌కి చెప్పండి. నొప్పి మాత్రలు వారాల తరబడి వాడితే వాటివల్లే మళ్లీ తలనొప్పి రావడం మొదలవుతుంది.

చదువు సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. ముందు క్లాసు, ఆ తర్వాతే ఆట అన్నది కంకషన్‌లో పాటించే వరస. పూర్తిగా క్లాసులో కూర్చోలేని పిల్లవాడు మైదానంలోకి వెళ్లే ప్రశ్నే లేదు. డాక్టర్ దగ్గర ఉత్తరం తీసుకుని స్కూల్ కౌన్సెలర్‌ని కలిస్తే పరీక్షలకు అదనపు టైం, మధ్యలో విరామం, స్క్రీన్ పని తగ్గించడం లాంటి వెసులుబాట్లు ఇస్తారు. మనవాళ్లు గ్రేడ్లు ఎక్కడ పడిపోతాయోనని ఈ సంగతి స్కూల్లో దాచేస్తుంటారు. దాస్తేనే పడిపోతాయి.

ఇక ఈ సీజన్‌లో మిగిలిన మ్యాచ్‌లు. లక్షణాలు ఉండగా ఆడకూడదు, ఒక్క మ్యాచ్ కూడా. 2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెట్ అనే 13 ఏళ్ల అబ్బాయి తలకు దెబ్బ తగిలాక అదే మ్యాచ్‌లో మళ్లీ ఆడాడు. మ్యాచ్ అవగానే కుప్పకూలాడు. మెదడులో రక్తస్రావమై అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ప్రాణం దక్కింది కానీ, మాట, నడక మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడానికి ఏళ్లు పట్టింది. అతని పేరుతోనే 2009లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. తర్వాత అయిదారేళ్లలో అన్ని రాష్ట్రాలూ అలాంటి చట్టాలు తెచ్చాయి. ఇలాంటిది అరుదు. కానీ మొదటి గాయం మానకుండానే రెండోది తగిలితే ఏమవుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. పైగా కంకషన్ తర్వాత కొంతకాలం మోకాలు, చీలమండ గాయాలు కూడా ఎక్కువవుతాయి. శరీరం స్పందించే వేగం అప్పటికింకా పూర్తిగా తిరిగి రాదు.

మీ టెక్సాస్‌లో 2011 నుంచి చట్టం ఉంది. కంకషన్ అని అనుమానం వచ్చిన పిల్లవాడిని వెంటనే బయటికి తీసెయ్యాలి, ఆ రోజు మళ్లీ దించకూడదు. తిరిగి ఆడాలంటే మీరు ఎంచుకున్న డాక్టర్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, దశలవారీ ప్రాక్టీస్ పూర్తి చెయ్యాలి, తల్లిదండ్రుల సంతకం ఉండాలి. కోచ్ ఒక్కడూ ఆడించడానికి వీల్లేదు. ఆ సంతకానికి తల్లిదండ్రుల్లో ఒకరు చాలు. అంటే మీరు వద్దన్నా మీవారు పెట్టవచ్చు. అందుకే డాక్టర్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి. సంతకం ఇద్దరూ ఒప్పుకున్నాకే అని ముందే మాట్లాడుకోండి.

ఇప్పుడు ఆ కంప్యూటర్ టెస్ట్. సీజన్ మొదట్లో జ్ఞాపకశక్తి, స్పందన వేగం కొలిచి పెట్టుకుంటారు. దెబ్బ తగిలాక మళ్లీ కొలిచి పోల్చుతారు. మొదటిసారే కావాలని తప్పులు చేస్తే రెండోసారి దెబ్బతిన్న మెదడు కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. మీ అబ్బాయి ఒక్కడే ఇలా చేశాడనుకోకండి, ఆటలో చోటు పోతుందన్న భయంతో చాలామంది పిల్లలు చేసే పనే ఇది. కానీ ఈ సంగతి తెలియకుండా డాక్టర్ ఇచ్చే సర్టిఫికెట్‌కి విలువ లేదు. మీకు తెలిసిపోయింది కాబట్టి ఊరుకునే దారి మీకు ఇక లేదు.

ఎలా చెప్పాలన్నదే చిక్కు. డాక్టర్‌కి మీరే రహస్యంగా చెప్పెయ్యవచ్చు. పని జరుగుతుంది. కానీ ఎవరు చెప్పారో రెండు రోజుల్లో తెలిసిపోతుంది, ఆ తర్వాత మీకు తలనొప్పి సంగతి కూడా చెప్పడు. రెండో దారి కాస్త కష్టం, నాకు అదే మంచిదనిపిస్తుంది. కారులో ఇద్దరే వెళ్తున్నప్పుడు చెప్పండి: "నీ ఫోన్ చూశాను. నీకు కోపం వస్తుందని తెలుసు. భయపడి చూశాను. టెస్ట్ సంగతి డాక్టర్‌కి తెలియాలి. నువ్వే చెప్తే నేను పక్కన ఉంటాను. అపాయింట్‌మెంట్ లోపు నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను." అరుస్తాడు, అరవనివ్వండి. నాన్నకు చెప్పావా అని అడిగితే అబద్ధం చెప్పకండి.

ఆ ఫోన్‌లో నన్ను ఎక్కువ కలవరపెట్టింది టెస్ట్ మెసేజ్ కాదు, రాత్రి ఒంటిగంటకి వెతికిన ఆ ప్రశ్న. మీకు "ఐయామ్ ఫైన్" అని చెప్పే పిల్లవాడు లోపల మీకంటే ఎక్కువ భయపడుతున్నాడు. తను చదువుతున్నవి బహుశా ఆరన్ హెర్నాండెజ్ లాంటి వాళ్ల కథలు అయ్యుంటాయి. అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడినవాడు, హత్య కేసులో శిక్ష పడి 2017లో 27 ఏళ్లకే జైల్లో ఆత్మహత్య చేసుకున్నాడు. మెదడు పరీక్షిస్తే తీవ్రమైన సీటీఈ కనబడింది. 16 ఏళ్ల పిల్లవాడు తలనొప్పితో, నిద్రలేకుండా ఒంటరిగా ఇది చదివితే "నాకూ ఇదే వస్తుంది" అనుకోకుండా ఎలా ఉంటాడు? దానికి తోడు నానమ్మ భోజనాల దగ్గర పిచ్చోడైపోతావంటున్నారు.

2024లో వచ్చిన ఒక అధ్యయనంలో దాదాపు 2,000 మంది మాజీ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లను అడిగితే మూడోవంతు మంది తమకు సీటీఈ ఉందనే నమ్ముతున్నామన్నారు. బతికుండగా దాన్ని నిర్ధారించే పరీక్ష ఇప్పటికీ లేదు. అలా నమ్మినవాళ్లలో చనిపోవాలన్న ఆలోచనలు మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ ఉన్నాయి. వాళ్లలో చాలామందికి డిప్రెషన్, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, ఒంటి నొప్పులు ఉన్నాయి. ఇవన్నీ వైద్యంతో తగ్గించగలిగినవే. మీ అబ్బాయి విషయంలోనూ నేను చెప్పేది ఇదే. ఇప్పుడున్న చిరాకు, నిద్రలేమి, దిగులు నెల కిందటి కంకషన్ వల్ల, స్నేహితులకు దూరం కావడం వల్ల వచ్చి ఉండే అవకాశమే చాలా ఎక్కువ. వీటికి చికిత్స ఉంది. ఈ మాట తనకు ఒక పెద్ద మనిషి సూటిగా చెప్పాలి.

మీరు ఒక ప్రశ్న సూటిగా అడగాలి కూడా: "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని మనవాళ్లు భయపడతారు. అలా పుట్టదు. అడిగినందుకు తేలికపడతారు. అవునంటే ఆ రోజే డాక్టర్‌కి చెప్పాలి. ఇలాంటప్పుడు సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేసినా, మెసేజ్ పెట్టినా ఏ వేళలోనైనా మాట్లాడతారు. ఇంట్లో తుపాకీ ఉంటే తాళంలో, తనకు అందని చోట ఉండాలి.

సరే, రెండో ప్రశ్న. తెలిసినంత మేరకు నిజాలు చెప్తాను. మొదటిసారి సీటీఈ జబ్బును ఒక ఫుట్‌బాల్ ఆటగాడి మెదడులో గుర్తించింది బెన్నెట్ ఒమాలు అనే డాక్టర్. 2002లో 50 ఏళ్లకు చనిపోయిన మైక్ వెబ్‌స్టర్ మెదడును ఆయన పరీక్షించారు. బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు 2017లో ప్రచురించిన లెక్కల్లో, పరీక్షించిన 111 మంది ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లలో 110 మందికి సీటీఈ ఉంది. ఈ అంకెనే అందరూ చెప్తారు. హైస్కూల్ దాకానే ఆడిన 14 మందిలో ముగ్గురికి ఉందన్నది తక్కువమంది చెప్తారు. ఇవన్నీ ఏదో తేడా చూసి కుటుంబాలు దానం చేసిన మెదళ్లు. కాబట్టి ఆడినవాళ్లందరికీ ఈ లెక్క వర్తించదు. 1957లో విస్కాన్సిన్‌లో హైస్కూల్ పూర్తి చేసినవాళ్లను 65 ఏళ్ల వయసులో పరీక్షిస్తే, ఫుట్‌బాల్ ఆడినవాళ్ల జ్ఞాపకశక్తి, మానసిక స్థితి ఆడనివాళ్లకంటే అధ్వాన్నంగా ఏమీ లేవు. ఆనాటి ఆటా, ఇప్పటి ఆటా ఒకటి కావు, అది వేరే సంగతి.

మీవారు గమనించాల్సింది ఒకటుంది. జబ్బుకు, కంకషన్ల సంఖ్యకు మధ్య సంబంధం అంత గట్టిగా లేదు. ఏళ్ల తరబడి తలకు తగిలిన దెబ్బలన్నీ కలిపి, చిన్నవీ పెద్దవీ, మొత్తం ఎంత బలంగా తగిలాయన్నదానితోనే ఎక్కువ సంబంధం ఉందని 2023లో తేలింది. దానం చేసిన మెదళ్లలో, ఆడిన ఒక్కో ఏడాదికీ సీటీఈ అవకాశం 30 శాతం చొప్పున పెరుగుతూ వచ్చిందని 2019 లెక్క. కాబట్టి "ఈ ఒక్క దెబ్బ మానితే సరి" అనడం కంటే "ఇంకా ఎన్నేళ్లు, ఏ పొజిషన్‌లో, వారానికి ఎన్ని దెబ్బలు" అని అడగాలి. లైన్‌బ్యాకర్‌కి ప్రతి ప్లేలోనూ ఎవరినో ఒకరిని గుద్దడమే పని.

తలతోనే అయిపోదు. ఈ ఆటలో బరువు పెరగమంటారు, పిల్లలు పౌడర్లు తాగి పెంచుతారు. ఆట మానేశాక ఆ బరువు దిగదు. బీపీ, నిద్రలో ఊపిరి ఆగడం, షుగర్ దాని వెంట వస్తాయి. మన దక్షిణాసియా శరీరాలకు తక్కువ బరువులోనే షుగర్ వస్తుంది. మీ రెండు వైపులా ఎవరికైనా ఉంటే ఇది తేలిగ్గా తీసుకోవద్దు. ఆగస్టు ప్రాక్టీసుల్లో వడదెబ్బ ఇంకొకటి. 2001లో కోరీ స్ట్రింగర్ అనే 27 ఏళ్ల ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాడు ప్రాక్టీసులో వడదెబ్బ తగిలి చనిపోయాడు. మళ్లీ ఆడే పక్షంలో, మైదానం పక్కనే చన్నీళ్ల టబ్బు సిద్ధంగా ఉంటుందా అని స్కూల్‌ని అడగండి. వడదెబ్బ తగిలినవాణ్ణి ముందు చల్లబరచి ఆ తర్వాతే ఆసుపత్రికి తరలించాలి.

మరి దారులు. పూర్తిగా మాన్పించవచ్చు. 16 ఏళ్ల పిల్లవాడి విషయంలో ఆ హక్కు మీకుంది. దెబ్బలు అక్కడితో ఆగిపోతాయి. కానీ నాలుగేళ్లుగా తన స్నేహితులు, తన శుక్రవారాలు, స్కూల్లో తనకున్న గుర్తింపు అన్నీ ఈ టీమ్‌తోనే ముడిపడి ఉన్నాయి. ఆ ఖాళీని పట్టించుకోకుండా మాన్పిస్తే మీరు భయపడే కుంగుబాటు నిజంగానే వస్తుంది. మాన్పించేటట్టయితే టీమ్‌కి దూరం చెయ్యకండి. వీడియో చూసి ఎదుటి టీమ్ ఆటను విశ్లేషించే పని, చిన్న క్లాసుల పిల్లలకు సాయం చేసే పని కోచ్‌ని అడిగి ఇప్పించవచ్చు. దానితోపాటు ట్రాక్, బాస్కెట్‌బాల్, లేదా మీవారి వాలీబాల్.

షరతులతో వచ్చే ఏడాది మళ్లీ ఆడించవచ్చు. అలాగైతే షరతులు ఇప్పుడే రాసుకోండి: లక్షణాలు పూర్తిగా పోవాలి, నిజాయితీగా మళ్లీ టెస్ట్ రాయాలి, పొజిషన్ మార్పు గురించి కోచ్‌తో మాట్లాడాలి, ఇంకో కంకషన్ వస్తే హైస్కూల్‌లో ఆట అంతటితో ఆఖరు. టెక్సాస్‌లో స్కూల్ ఆటలు నడిపే యూఐఎల్ నిబంధన ప్రకారం సీజన్‌లో ఒక్కో ఆటగాడికి పూర్తి స్థాయి కాంటాక్ట్ ప్రాక్టీస్ (ఒకరినొకరు గుద్దుకుంటూ చేసేది) వారానికి 90 నిమిషాలు మించకూడదు. అది పాటిస్తున్నారా అని అడగడానికి మొహమాటపడకండి. ఈ దారిలో చిక్కు ఏమిటంటే, ఇంకో కంకషన్ వస్తే ఆట పోతుందని తెలిసిన పిల్లవాడు దాన్ని దాచే అవకాశం ఎక్కువ. ఒకసారి దాచాడు కూడా. తను మీతో నిజం చెప్పగలిగే స్థితికి వచ్చాడని మీకు నమ్మకం కుదిరితేనే ఈ దారి.

మధ్యలో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఉంది. టాకిల్ ఉండదు, నడుముకి కట్టిన రిబ్బన్ లాగితే చాలు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కూడా పెట్టారు. శుక్రవారం రాత్రి స్టేడియంలో బ్యాండు మోగుతుంటే ఆడినట్టు అనిపించదు, ఒప్పుకుంటాను. కానీ బంతి, పరుగు, టీమ్ అన్నీ ఉంటాయి. కాలేజీ స్కాలర్‌షిప్ ఆశ ఎవరి మనసులోనైనా ఉంటే, హైస్కూల్లో ఆడేవాళ్లలో కాలేజీ టీముల దాకా వెళ్లేది దాదాపు 7 శాతమే అని గుర్తుంచుకోండి.

ఏ దారైనా ఎంచుకునేటప్పుడు అబ్బాయి ఆ గదిలో ఉండాలి. క్రిస్ బోర్లాండ్ గురించి తనకు చెప్పండి, అతనూ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో లైన్‌బ్యాకరే. శాన్ ఫ్రాన్సిస్కో టీమ్‌లో మొదటి ఏడాదే బాగా పేరు తెచ్చుకుని, తలకు తగిలే దెబ్బల గురించి తనే చదువుకుని, 2015లో 24 ఏళ్లకు ఆట వదిలేశాడు. ఎవరూ మాన్పించలేదు.

మీవారి గురించి ఒక మాట. ఆయన్ని మీ అబ్బాయి మెదడుకు శత్రువుగా చూడకండి. ఇంటర్‌లో ఆయన్ని ఆపిన కారణం మార్కులు. ఇప్పుడు ఆపమంటున్న కారణం గాయం. ఈ తేడా ఆయనతో నిదానంగా, అత్తయ్యగారు లేనప్పుడు మాట్లాడండి. ఆయన తన వాలీబాల్ కథ కొడుక్కి పూర్తిగా చెప్పారా? ఆట పోయినప్పుడు ఎంత బాధ కలిగిందో, ఆ తర్వాత ఎలా నిలబడ్డారో తండ్రి నోటి నుంచి వింటే ఆ పిల్లవాడికి ఈ నెలలో చాలా ధైర్యం వస్తుంది.

అత్తయ్యగారికి భయం ఉంది, పని లేదు. ఆవిడకు పని ఇవ్వండి. స్కూల్ నుంచి రాగానే వాడితో కాలనీలో అరగంట నడవమనండి, ఆట మాట ఎత్తవద్దని ఒట్టు వేయించుకోండి. మీరిద్దరూ ఆఫీసులో ఉన్నప్పుడు ఇంట్లో ఉండేది ఆవిడే కాబట్టి ఇవి కూడా నేర్పండి: తలనొప్పి ఉన్నట్టుండి పెరిగిపోవడం, ఆగకుండా వాంతులు, మాట తడబడటం, లేపినా సరిగ్గా లేవకపోవడం, ఫిట్స్, ఒక చెయ్యి కాలు బలహీనపడటం. వీటిలో ఏది కనిపించినా ముందు 911కి (ఎమర్జెన్సీ నంబర్), ఆ తర్వాతే మీకు ఫోన్. ఇంటి అడ్రస్ ఇంగ్లీషులో ఎలా పలకాలో తెలుగు అక్షరాల్లో పెద్దగా రాసి ఫ్రిజ్ మీద అంటించండి, ఒకటి రెండుసార్లు ఆవిడతో చదివించండి.